రొయ్యకు కొలత ఉంది, కూలీకి లేదు

అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు - ఈ తీర మండలాల్లో రొయ్యల గుంట వేసిన ఏ రైతునైనా అడగండి, నీళ్లలో అమ్మోనియా ఎంతుందో చెబుతాడు. సీసాలో నీళ్లు పట్టి ల్యాబుకు పంపుతాడు. అంకె పెరిగితే రాత్రికి రాత్రే ఏరేటర్లు తిప్పుతాడు. రొయ్య చస్తే లక్షలు పోతాయి మరి! అదే అమ్మోనియా కోళ్ల షెడ్డు గాలిలోనూ ఉంటుంది. అక్కడ పెంట ఎత్తే మనిషికి కళ్లు మండినా, ఛాతీ పట్టేసినా కొలిచే నాథుడు లేడు.

కోడి రెట్టలోని యూరిక్ ఆమ్లాన్ని సూక్ష్మజీవులు విరగ్గొడితే ఈ వాయువు పుడుతుంది. పొడి పెంటలో తక్కువ, తడి పెంటలో ఎక్కువ. మన తీరంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య వానలు. జల్లు కొట్టకుండా షెడ్డుకు పట్టాలు దించేస్తారు. కింద ఊక చెమ్మగిల్లుతుంది, లోపల గాలి ఆడదు. తెల్లారుజామున పట్టా ఎత్తకముందు అడుగుపెట్టినవాడికే ఆ ఘాటు తెలుసు.

ముక్కును నమ్మి లాభం లేదు. కాసేపుంటే అది మొద్దుబారి వాసనే లేదంటుంది, వాయువు మాత్రం అక్కడే ఉంటుంది. (యజమానులు 'అలవాటైపోతుందిలే' అనేది దీన్నే!) తడిపిన ఎర్ర లిట్మస్ కాగితం నీలంగా మారితే అమ్మోనియా ఉందని తెలుస్తుంది, ఎంతో తెలీదు. దానికి చేతిపంపుతో గాలి లాగే గాజుగొట్టం కావాలి. లోపలి మందు ఎంత దూరం రంగు మారితే అంత మోతాదు. మీటర్లు కూడా ఉన్నాయి.

షెడ్డు మొత్తంగా బయటికి ఎంత వదులుతోందో లెక్కకట్టడం వేరే పని. మోతాదును బయటికి పోయే గాలి పరిమాణంతో గుణించాలి. ఫ్యాన్లు పెట్టి మూసిన షెడ్లలో అది కుదురుతుంది. పక్కలు తెరిచిన షెడ్లలో, పగలొక దిక్కు రాత్రొక దిక్కు గాలి తోలే మన తీరాన, చాలా కష్టం. ఆ లెక్క శాస్త్రజ్ఞులు తేల్చుకోనీండి. కూలీకి కావలసింది వంగి పార పట్టినప్పుడు ముక్కు దగ్గరుండే అంకె.

హద్దు ఎంత? 1984 భోపాల్ ఘోరం తర్వాత, 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి విషవాయువుల హద్దులు షెడ్యూలులో చేర్చారు. అమ్మోనియాకు ఎనిమిది గంటల సగటు 25 పి.పి.ఎం., అంటే పది లక్షల పాళ్ల గాలిలో 25 పాళ్లు. పావుగంటకైతే 35. కర్మాగారం కోసం రాసిన అంకే కావచ్చు, ఊపిరితిత్తులు ఒకటే గదా!

2024 ఫిబ్రవరిలో కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు కోళ్ల నమూనాలు భోపాల్ ల్యాబు దాకా వెళ్లాయి. షెడ్డు గాలిని ఎవరైనా పరీక్షకు పట్టగా మేం ఇంతవరకు చూడలేదు.

మేం అడిగేది ఇది: పెంట ఎత్తే రోజున పట్టాలు లేపకముందు ఒకసారి, పని నడుమ ఒకసారి కొలవాలి. అంకె కూలీలకు వినిపించాలి. 35 దాటితే గాలి ఆడిందాకా పని ఆపాలి, ఆ గంటలకు కూలి కోయగూడదు. మూతికి కట్టే తువ్వాలు దుమ్మును ఆపుతుందేమోగానీ వాయువును ఆపదు. గుత్తకు పెంట ఎత్తే ముఠాల్లో ఎవరికి, ఏ షెడ్డులో, ఏ తేదీన కళ్లు మండాయో, దగ్గు పట్టిందో కార్యకర్తలు ఇప్పటినుంచే పుస్తకంలో రాసి ఉంచాలి.