పసిబిడ్డల పోషణము: ఇరువదితొమ్మిది గ్రామములు చెప్పిన సాక్ష్యము

నారుమడిలో బలము చాలని నారును ఎంత మంచి పొలమున నాటినను, పిమ్మట ఎంత ఎరువు చల్లినను, ఆ లోటు పూర్తిగా తీరదని ఎరుగని రైతు లేడు. పైరు విషయమున నింత జాగ్రత్త వహించు మనము, మన యింట పెరుగు బిడ్డల విషయమున నదే న్యాయమును పాటించుచున్నామా యని యీ సంచికలో సభ్యుల నడుగదలచితిమి. ఈ ప్రశ్నకు జవాబు ఊహపై నాధారపడినది కాదు. హైదరాబాదు నగరమునకు సమీపమున, రంగారెడ్డి జిల్లా పల్లెలలో 1987వ సంవత్సరమున మొదలై, దశాబ్దముల తరబడి సాగిన యొక పరిశోధన ఇందుకు సాక్ష్యము చెప్పుచున్నది. అది వైద్యులకు మాత్రమే సంబంధించినది కాదు. బిడ్డల ఆరోగ్యము, వారి చదువు, వారి వివాహ వయస్సు, ఈ మూడును దానియందు ఇమిడియున్నవి.

ఈ పరిశోధనను గూర్చి వ్రాయుటకు మరియొక కారణము కలదు. పుస్తకములు చేతబట్టుకొని వచ్చి, ఇంటింట ప్రశ్నలడిగి, బిడ్డలను తూచి, కొలిచి, రక్తము తీసికొని పోవువారిని గూర్చి గ్రామములలో ననుమానము తరచుగా వినబడుచుండును. "వారు వ్రాసికొని పోయెదరు, మాకేమి ఒరుగును?" అని రైతులు ప్రశ్నించుట సహజమే. వారు వ్రాసికొనిపోయినది ఏమి, దానివలన మనము తెలిసికొనవలసినది ఏమి, అను సంగతులను మన భాషలో మనకు తెలియజెప్పువారు కొరవడినందుననే యీ యనుమానము నిలిచియున్నది. ఆ లోటును కొంత తీర్చుటయే మా యుద్దేశము.

పరిశోధనాలయపు చరిత్ర

ఆహారమును గూర్చి మన దేశమున జరిగిన శాస్త్రీయ విచారణకు పుట్టినిల్లు నీలగిరులలోని కూనూరు. 1918వ సంవత్సరమున అచ్చటి పాస్టర్ ఇన్‌స్టిట్యూటులో, ఒక్క గదిలో, రాబర్ట్ మెక్కారిసన్ అను వైద్యుడు బెరిబెరి వ్యాధిపై విచారణ ప్రారంభించెను. మరపట్టి తెల్లగా చేసిన బియ్యమునే ముఖ్యాహారముగా భుజించువారికి పట్టి పీడించు వ్యాధి యది. ఆ చిన్న విభాగమే క్రమముగా పెరిగి 1928లో పోషణ పరిశోధనాలయమై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు దాల్చెను. మనము చెప్పబోవు పరిశోధనను నడిపించినవారు ఈ సంస్థవారే. తరువాతి కాలమున లండను నగరములోని ఆరోగ్య, ఉష్ణదేశవైద్య విద్యాలయమునకు చెందిన సంజయ్ కిన్రా మొదలగు పండితులు వారితో కలిసి పనిచేసిరి.

రెండు మళ్ళ పరీక్ష

1975వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన భారత ప్రభుత్వము సమగ్ర శిశు అభివృద్ధి పథకమును 33 బ్లాకులలో ప్రారంభించెను. నేడు మన గ్రామములందు కనబడు అంగనవాడీ కేంద్రములు ఈ పథకమునకు చెందినవే. పథకము దేశమంతట నొక్కసారిగా వ్యాపింపలేదు. ఒక బ్లాకునకు ముందుగా వచ్చుట, ప్రక్క బ్లాకు తన వంతునకై వేచియుండుట జరిగెను. ఈ వరుసయే పరిశోధకులకు మంచి అవకాశమిచ్చెను.

రైతు క్రొత్త ఎరువు గుణమును తెలిసికొనదలచినచో నేమి చేయును? ఒకే తరహా నేల గల రెండు మళ్ళను తీసికొని, ఒకదానికి ఎరువు వేసి, రెండవదానికి వేయక, పంట కోసి కొలిచి చూచును. రెండవ మడి లేనిదే మొదటి మడి పంట ఎరువు వలన వచ్చినదో, వానల వలన వచ్చినదో తేలదు. ఇచ్చటను అట్లే జరిగెను. 1987 మొదలు 1990 వరకు, పథకము అమలులోనున్న 15 గ్రామములను, ఇంకను వంతు రాని 14 గ్రామములను తీసికొనిరి. మొదటి తరగతి గ్రామములలో గర్భిణీస్త్రీలకు, బాలింతలకు, ఆరేండ్ల లోపు బిడ్డలకు మొక్కజొన్న, సోయా పిండితోను, సోయా నూనెతోను వండిన ఉప్మా ప్రతిదినము లభించుచుండెను. తల్లులకు దానివలన సుమారు 500 కాలరీల శక్తియు, 20 మొదలు 25 గ్రాముల మాంసకృత్తులును చేకూరెను. బిడ్డలకు సుమారు 300 కాలరీలును, 8 మొదలు 10 గ్రాముల మాంసకృత్తులును చేకూరెను. 500 కాలరీలన్నచో నెంతయో యని వెరవనక్కరలేదు. సుమారు 140 గ్రాముల బియ్యమునందు అంత శక్తి కలదు. ఇంటి ఖర్చులలో నది కనబడనంత స్వల్పము.

ఇచ్చట నొక సంగతి స్పష్టపరుపవలెను. పరిశోధకులు ఏ బిడ్డ నోటియొద్దినుండియు ఆహారమును తీసివేయలేదు. పథకము గ్రామములకు చేరిన వరుసను వారు గమనించి, దానిని పరిశోధనకు వినియోగించుకొనిరి.

పదునైదేండ్ల తరువాత

ఆ ఉప్మా తిన్న బిడ్డలు, తినని బిడ్డలు పెరిగి పెద్దవారైరి. 2003 మొదలు 2005 వరకు పరిశోధకులు అవే 29 గ్రామములకు మరల వచ్చి, 13 మొదలు 18 సంవత్సరముల వయస్సు గల 1165 మంది బాలబాలికలను పరీక్షించిరి. ఆ ఫలితములు 2008వ సంవత్సరమున బ్రిటిష్ వైద్య పత్రికలో ప్రకటింపబడెను.

ఆహారము లభించిన గ్రామముల పిల్లలు రెండవ తరగతి గ్రామముల పిల్లలకంటె సగటున 14 మిల్లీమీటర్లు, అనగా అరయంగుళమునకు మించి, పొడవుగా నుండిరి. ఇది స్వల్పమని తోచవచ్చును. కాని పొడవు లోపలి నిర్మాణమునకు బయటి గుర్తు మాత్రమే. ఇన్సులినునకు శరీరము లొంగకపోవు లక్షణము, అనగా ముందుముందు మధుమేహమునకు దారితీయు లక్షణము, వారిలో సుమారు నూటికి 20 వంతులు తక్కువగా కనబడెను. రక్తనాళముల బిగువును వారిలో తక్కువగా నుండెను. రక్తపు పోటునందును, రక్తములోని క్రొవ్వునందును మాత్రము చెప్పుకోదగిన భేదము కనబడలేదు.

మధుమేహము, గుండె జబ్బు పట్టణములలోని ధనికులకే వచ్చునని మన పెద్దలు తలచెడివారు. నేడు పల్లెలలో ఆ జబ్బులు లేని వీధి లేదు. తల్లి గర్భమునందును, తొలి సంవత్సరములందును తగిన పోషణ లేని శరీరము ఉన్న కొద్ది సరకుతో సరిపెట్టుకొని నిర్మాణము చేసికొనుననియు, పిమ్మట తిండి సమృద్ధియైనప్పుడు ఆ భారమును మోయలేక వ్యాధికి లోబడుననియు శాస్త్రజ్ఞులు ఊహించిరి. 1980 తరువాతి దశాబ్దమున ఇంగ్లాండులో డేవిడ్ బార్కర్ అను వైద్యుడు, తక్కువ బరువుతో పుట్టినవారికి పెద్ద వయస్సున గుండెజబ్బు ఎక్కువగా వచ్చుచున్నదని పాత లెక్కలనుండి చూపెను. మన పల్లెల ఫలితములు ఆ భావమునకు అనుకూలముగా నున్నవి. పేదయింట పుట్టి, పెద్దయైన పిదప కొంత కలిమికి వచ్చు మన బిడ్డలకు ఇది మిక్కిలి ముఖ్యమైన హెచ్చరిక.

చదువు, వివాహము

ఇంతటితో విచారణ ఆగలేదు. అర్థశాస్త్రజ్ఞులు కొందరు ఆ గ్రామముల లెక్కలనే తీసికొని, ఈ పిల్లలు ఎంతవరకు చదివిరని చూచిరి. 2016వ సంవత్సరమున ప్రకటింపబడిన వారి విచారణలో, ఆహారము లభించిన గ్రామముల పిల్లలు బడిలో నిలిచియుండుట ఎక్కువగానుండెననియు, వారు పూర్తిచేసిన తరగతులు సగటున 0.84 ఎక్కువ, అనగా ఇంచుమించు ఒక తరగతి మేర ఎక్కువ, అనియు తేలెను. వీరే 20 మొదలు 25 సంవత్సరముల వయస్సునకు వచ్చినప్పటి సంగతులు 2018లో ప్రకటింపబడెను. ఉన్నత పాఠశాల చదువు ముగించినవారును, ఉద్యోగమునందో పైచదువునందో యున్నవారును మొదటి తరగతి గ్రామములలోనే ఎక్కువ. ఆ వయస్సునకే వివాహమైనవారు ఆ గ్రామములలో తక్కువ.

గర్భిణి తిన్న యొక గిన్నెడు ఉప్మాకును, ఇరువదియేండ్ల తరువాత ఆమె బిడ్డ వివాహమునకును సంబంధమేమియని అడుగవచ్చును. అంచెలంచెలుగా చూచినచో విషయము బోధపడును. బలముగల బిడ్డ తరచు జబ్బుపడదు. జబ్బుపడని బిడ్డ బడి మానదు. బడిలో రాణించు బిడ్డను మాన్పించుటకు తల్లిదండ్రులకు మనసొప్పదు. చదువుకొనుచున్న కూతురునకు వివాహము తొందరపడి చేయరు. ఆలస్యముగా వివాహమైన యువతి శరీరము పరిపక్వమైన పిదప తల్లియగును, ఆమె బిడ్డ మంచి బరువుతో పుట్టును. చిన్నవయస్సు వివాహము, బలహీనమైన తల్లి, బరువులేని బిడ్డ, ఆగిపోయిన చదువు, మరల చిన్నవయస్సు వివాహము: ఈ గానుగ ఎద్దు త్రోవను ఎచ్చటనో యొకచోట తెంపవలెను. తొలి యేండ్ల తిండియొద్ద దానిని తెంపవచ్చునని యీ గ్రామములు సూచించుచున్నవి.

తొందరపడి నమ్మవలదు

మంచి మాట చెప్పినంతనే దానిని ఎక్కువ చేసి చెప్పుట మా పద్ధతి కాదు. ఈ పరిశోధనకు హద్దులు కలవు. ఏ గ్రామమునకు ఆహారము ఇయ్యవలెనో చీట్లు వేసి నిర్ణయింపలేదు. కావున రెండు తరగతుల గ్రామములకు మొదటినుండియు ఇతర భేదములు కొన్ని యుండియుండవచ్చును. పరిశోధకులు లెక్కలలో వానిని సవరించుటకు ప్రయత్నించిరి గాని, అట్టి సవరణ ఎప్పుడును సంపూర్ణము కాజాలదు. మొదటి తరగతి గ్రామములలో ఆహారముతోబాటు టీకాలు, రక్తహీనతకు మందు, ఆరోగ్యబోధ యను సదుపాయములు కూడ ఒక్కచోట లభించెను. కావున ఫలమంతయు ఉప్మాదేయని చెప్పుటకు వీలులేదు. పరీక్షకు చిక్కినవారు నాడు పుట్టిన బిడ్డలందరును కారు. వలస పోయినవారును, పెండ్లియై అత్తవారింటికి వెళ్ళినవారును కొందరు లెక్కకు రాలేదు. ఇట్టి హద్దులను దాచక చెప్పిన పరిశోధనయే నమ్మదగినది. ఎరువుల వ్యాపారి మాటకును, పరిశోధకుని మాటకును భేదము ఇచ్చటనే యున్నది.

సంఘములు చేయదగిన పనులు

ఇక మన కర్తవ్యమును గూర్చి కొన్ని మాటలు. 2013వ సంవత్సరపు జాతీయ ఆహార భద్రతా చట్టము ప్రకారము గర్భిణీస్త్రీలకు, బాలింతలకు, ఆరేండ్ల లోపు బిడ్డలకు అంగనవాడీద్వారా ఆహారము పొందుట హక్కు. అది దయాభిక్ష కాదు. అయినను కలిగిన రైతు కుటుంబములు అచ్చటికి పోవుట చిన్నతనమని తలచుటయు, పేద కుటుంబములు కూలిపని మానలేక పోకుండుటయు చూచుచున్నాము. ఇంటికి తెచ్చిన సరకు ఇల్లంతయు పంచుకొని, గర్భిణి వంతునకు పిడికెడు మిగులుటయు అరుదు కాదు. పురుషులు, పిల్లలు తిన్న పిమ్మట మిగిలినది కోడలు తినవలెనను ఆచారము మన యిండ్లలో నింకను నిలిచియున్నది. గర్భిణికి ముందు వడ్డించుట ఏ ఖర్చును లేని సంస్కారము.

ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘముల పాలకవర్గములు సంవత్సరమున కొకసారియైనను మహాజనసభలో అంగనవాడీ కార్యకర్తను పిలిచి, గ్రామమున నెందరు గర్భిణులు కలరు, ఎందరు కేంద్రమునకు వచ్చుచున్నారు, ఎందరు బిడ్డలు బరువు తక్కువగా నున్నారని అడిగి తెలిసికొనుట మంచిది. సంఘమునకు కందులు, పెసలు, కూరగాయలు అమ్ము సభ్యులు కోతల కాలమున కొంత భాగమును కేంద్రమునకు తీసియుంచవచ్చును. నాట్లు, కలుపుతీతల దినములలో గర్భిణియైన కూలిమనిషికి మధ్యాహ్నము కేంద్రమునకు పోయివచ్చుటకు సమయమిచ్చి, ఆ గంట కూలిని కోయకుండుట ప్రతి రైతుయొక్క ధర్మము.

పరిశోధకులు మన గ్రామమునకు వచ్చినప్పుడు పాటింపవలసిన మర్యాదయు నొకటి కలదు. అది ఇరుపక్షములకును చెందినది. భారత వైద్య పరిశోధన మండలివారు 2017లో ప్రకటించిన నియమముల ప్రకారము, ఏమి అడుగుదురో, ఏల అడుగుదురో మనకు తెలియు భాషలో ముందుగా చెప్పి మన సమ్మతి పొందవలెను. సమ్మతించిన పిదప కూడ ఎప్పుడు కావలసిన నప్పుడు మానుకొను హక్కు మనకు కలదు. కావున ప్రశ్నింపక వ్రేలిముద్ర వేయుటయు, ప్రశ్నింపక తరిమివేయుటయు రెండును తగవు. సమ్మతించినచో నిజము చెప్పవలెను. భూమి తక్కువ చెప్పి, బిడ్డ వయస్సు తారుమారు చేసి చెప్పిన లెక్కలనుండి వచ్చు పథకము మన బిడ్డలకే చెరుపు చేయును. ఫలితములు తేలిన పిమ్మట గ్రామమునకు వచ్చి చెప్పుడని వారిని కోరుటయు మన విధియే.

ఆ 29 గ్రామముల తల్లులు ఏండ్ల తరబడి ఓపికతో తలుపులు తెరచి, బిడ్డలను తూచనిచ్చి, ప్రశ్నలకు జవాబులిచ్చిరి. వారి పేర్లు ఏ పత్రికయందును లేవు. వారు చెప్పిన సాక్ష్యము మాత్రము నేడు దేశదేశముల పండితులు చదువుచున్నారు. రాబోవు మహాజనసభ కార్యక్రమమున అంగనవాడీ విషయమును ఒక అంశముగా చేర్పవలసినదని ప్రతి సంఘమునకును విజ్ఞప్తి చేయుచున్నాము. చేర్చిన సంఘములవారు తమ గ్రామమున కనుగొన్న సంగతులను మాకు వ్రాసి పంపినచో, ముందు సంచికలలో సంతోషముతో ప్రకటింతుము.