పట్టుచీర వెనుక తల్లి చేయి

ఇంట్లో పెండ్లి కుదిరిందంటే పట్టుచీరల మాట రానే వస్తుంది. అంచు చూస్తాము, రంగు చూస్తాము, ధర అడిగి బేరమాడుతాము. అయితే ఆ చీర ఎందరి చేతులు దాటి మన చేతికి వచ్చిందో ఎప్పుడైనా ఆలోచించామా?

హైదరాబాదుకు సుమారు 50 కిలోమీటర్ల దూరాన, యాదాద్రి భువనగిరి జిల్లాలో భూదాన్ పోచంపల్లి ఉన్నది. 1951లో వినోబా భావే భూదానోద్యమం ఇక్కడే మొదలైనది. పూర్వం ఈ ప్రాంతంలో ఎక్కువగా నూలు బట్టలే నేసేవారు. 1960ల నుండి పట్టు నేత పెరిగింది. దారానికి ముందే రంగులద్ది, ఆ తర్వాత నేసే ఇక్కత్ పనికి ఈ ప్రాంతం పేరు పొందినది.

ఇల్లే కార్ఖానా

ఇక్కడ ఎన్నో కుటుంబాలకు ఇల్లే కార్ఖానా. ఒక గదిలో మగ్గం, మరొక మూల రాట్నం. పట్టు దారాన్ని ఉడికించి జిగురు తీస్తారు. ఆసు పోసి, గుర్తులు పెట్టి, రంగు అంటకూడని చోట సైకిల్ ట్యూబు ముక్కలతో గట్టిగా కట్టి రంగులో ముంచుతారు. మరొక రంగు కావలెనంటే మళ్ళీ కట్టాలి, మళ్ళీ ముంచాలి. ఆ దారాన్ని కండెలకు చుట్టి నాడెలో పెట్టి, ఒక్కొక్క పోగునూ సరిచూసుకుంటూ నేస్తారు. పోగు కాస్త జరిగితే పువ్వు చెదిరిపోతుంది. ఎంత ఓర్పు కావాలో చూడండి!

మగ్గం మీద కూర్చున్నవారే మనకు కనబడతారు. కాని ఆసు పోసే పని సాధారణంగా ఇంటి ఆడవారిదే. అర్ధచంద్రాకారంగా ఉన్న మేకుల చుట్టూ దారాన్ని ఒక్కొక్క వరుసగా తిప్పాలి. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 మార్లు అటూ ఇటూ ఆడాలి. ఇందుకు నాలుగైదు గంటలు పడుతుంది. వంట, పిల్లల పని ముగించుకొని ఆ తల్లి మళ్ళీ ఆసు ముందుకే రావాలి. భుజం నొప్పి పుట్టినా ఆపడానికి లేదు. ఆసు ఆగితే మగ్గం ఆగుతుంది, మగ్గం ఆగితే పొయ్యి ఆగుతుంది.

కుమారుడు చూసిన నొప్పి

ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం ఆరవ తరగతితో చదువు మానిన నేతబిడ్డ. తల్లి లక్ష్మి పడే బాధ చూడలేక, ఆసు పోసే యంత్రం చేయాలని 1992లో పూనుకున్నాడు. ఇంజనీరింగ్ చదువు లేదు, చేతిలో డబ్బు లేదు. అయినా పట్టు విడువక 1999లో యంత్రాన్ని పూర్తి చేసి, దానికి తల్లి పేరే పెట్టాడు. గంటలకొద్దీ పట్టే ఆసు ఆ యంత్రంతో సుమారు గంటన్నరలో ముగుస్తుంది. 2017లో ప్రభుత్వం ఆయనను పద్మశ్రీతో గౌరవించింది. గమనించండి! ఆ బాధ ఎన్నో ఇండ్లలో ఉన్నదే. దానిని మార్చవచ్చునని ఆయన నమ్మాడు.

మనమేమి చేయగలము?

ఆసు సులువైనా నేత కుటుంబాల కష్టం తీరలేదు. మరమగ్గాల బట్ట మీద ఇక్కత్ డిజైన్లను అచ్చువేసిన చీరలు చవకగా దొరుకుతున్నవి. చేనేత కష్టానికి తగిన కూలి రాక ఎందరో యువకులు వేరే పనులు వెదుక్కుంటున్నారు.

కాబట్టి కొనేటప్పుడు చీరను తిరగవేసి చూడండి. అసలైన ఇక్కత్‌లో రంగు దారంలోనే ఉంటుంది గనుక రెండు వైపులా డిజైన్ ఒకేలా కనబడుతుంది, దాని అంచులు కాస్త చెదిరినట్లుంటాయి. అచ్చువేసిన చీరకు సాధారణంగా వెనుకవైపు రంగు వెలిసినట్లుంటుంది. పట్టుకు సిల్క్ మార్క్, చేనేతకు హ్యాండ్‌లూమ్ మార్క్ ఉన్నవేమో అడగండి. వీలైతే నేత సహకార సంఘంలో గాని, నేసినవారి వద్దనే గాని కొనండి.

బేరమాడే ముందు ఆ 9,000 మార్లను ఒక్కసారి తలచుకోండి. అలాగే మన ఇంట్లోనూ ఎవరూ లెక్కపెట్టని పని చేసే తల్లి, భార్య, అత్తగారు ఉన్నారు. ఈ సాయంత్రం వారి భుజం మీది బరువు ఏదో ఒకటి మనం అందుకుందాము.