ఎగరక ముందే ఎగరాలి

శీతాకాలం ఉదయం కైకలూరు దగ్గర ఆటపాకకు వెళ్లి గట్టు మీద నిలబడితే, గూడబాతు నీళ్ల మీంచి ఎలా లేస్తుందో దగ్గరగా చూడొచ్చు. నాలుగైదు కిలోల పక్షి. కాళ్లతో నీటిని తన్నుకుంటూ కొంత దూరం పరిగెత్తుతుంది, రెక్కలు బరువుగా కొడుతుంది, ఆ తర్వాతే గాల్లోకి తేలుతుంది. ఒకటి లేచిందంటే వెనకాలే పది లేస్తాయి. కెమెరాలు పట్టుకుని వచ్చినవాళ్లకు అదొక పండగ. గన్నవరం నుంచి విమానం తీసుకుని బయల్దేరే పైలట్‌కు మాత్రం అదే దృశ్యం ఒక ప్రశ్న. ఇలాంటి గుంపు ఎదురొచ్చి ఇంజిన్‌లో పడితే నా చెయ్యి ముందు ఎటు పోవాలి?

ఆ ప్రశ్నకు జవాబు గాల్లోకి వెళ్లాక వెతుక్కుంటే దొరకదు. నేల మీద ఉన్నప్పుడే, ఇంజిన్ ఇంకా వెలగకముందే, మనసులో దొరికి ఉండాలి. పైలట్ల మానసిక సన్నద్ధత అంటే ధైర్యం కూడగట్టుకోవడమని, ‘అంతా మంచే జరుగుతుంది’ అని తనకు తాను చెప్పుకోవడమని చాలామంది అనుకుంటారు. వ్యక్తిత్వ వికాసం పేరుతో మన ఊళ్లలో జరిగే తరగతుల్లోనూ ఇదే బోధ. విమానాలు నడిపేవాళ్ల దగ్గర ఆ పనికి అర్థం వేరే ఉంది. ఆ అర్థం పైలట్లు కానివాళ్లకూ పనికొస్తుందని నా నమ్మకం.

2009 జనవరి 15న న్యూయార్క్‌లో లాగార్డియా విమానాశ్రయం నుంచి లేచిన యూఎస్ ఎయిర్‌వేస్ 1549 విమానానికి సరిగ్గా ఇదే జరిగింది. దాదాపు 2,800 అడుగుల ఎత్తులో కెనడా బాతుల గుంపు తగిలి రెండు ఇంజిన్లూ చచ్చుబడ్డాయి. అక్కడి నుంచి హడ్సన్ నది నీళ్లను తాకేదాకా కెప్టెన్ సలెన్‌బర్గర్‌కు దొరికిన వ్యవధి 208 సెకన్లు. విమానంలో ఉన్న 155 మందీ బతికారు. లోకమంతా దాన్ని అద్భుతం అంది. అయితే నదిలో దిగడాన్ని ఆ ఇద్దరు పైలట్లు సిమ్యులేటర్‌లో ఎప్పుడూ సాధన చెయ్యలేదు. ఏళ్ల తరబడి సాధన చేసింది మరొకటి: ఆపద వస్తే ఎవరి పని ఏమిటన్నది. పక్షులు తగిలిన క్షణాల్లోనే కెప్టెన్ విమానాన్ని తన చేతిలోకి తీసుకున్నాడు, పక్కనున్న కో-పైలట్ జెఫ్ స్కైల్స్ ఇంజిన్లు తిరిగి వెలిగించే చెక్‌లిస్టు అందుకున్నాడు. నువ్వా నేనా అన్న తడబాటు లేదు. మిగిలిన సెకన్లన్నీ ఎక్కడ దిగాలన్న ఆలోచనకే దక్కాయి.

ఈ సాధనకు పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. పైలట్ల లోకంలో దీన్ని చైర్ ఫ్లయింగ్ అంటారు. సెస్నా 172 మీద నేర్చుకుంటున్న విద్యార్థి దీన్ని ఎలా చేస్తాడో చూడండి. హాస్టల్ గదిలో మామూలు ప్లాస్టిక్ కుర్చీ. ఎదురుగా గోడకు అంటించిన కాక్‌పిట్ బొమ్మ. ఎడమ చెయ్యి లేని కంట్రోల్ మీద, కుడి చెయ్యి లేని థ్రాటిల్ మీద. కళ్లు మూసుకుని మొదలుపెడతాడు. మాస్టర్ స్విచ్, మిక్స్చర్, మాగ్నెటోలు. పేరు పలికితే చాలదు, చెయ్యి అక్కడికి వెళ్లాలి. రన్‌వే మీద వేగం పెరుగుతుంది, 55 నాట్ల దగ్గర ముక్కు లేస్తుంది, నేల కిందికి జారుతుంది. సరిగ్గా ఇక్కడ మంచి విద్యార్థి తన ఊహలో తానే ఇంజిన్ ఆపేస్తాడు. ఇప్పుడేం చేస్తావు? ముందు ముక్కు కిందికి వంచాలి, వేగం పోకుండా కాచుకోవాలి. ఇంత తక్కువ ఎత్తులో వెనక్కి తిరిగి రన్‌వేకు చేరాలన్న ఆశ ప్రాణాంతకం, అందుకే ఎదురుగా ఉన్నదాంట్లోనే చోటు చూసుకోవాలి. మన డెల్టా మీద ఎగురుతుంటే ఆ చోటు వరి చేనా, చేపల చెరువా, రెంటికీ మధ్య ఉన్న గట్టా? కుర్చీలో కూర్చున్నప్పుడే తేల్చుకోవాల్సిన సంగతి ఇది.

పెద్ద విమానాల్లోనూ పద్ధతి ఇదే. టేకాఫ్‌కు ముందు ఇద్దరు పైలట్లూ ఒకరికొకరు అప్పజెప్పుకుంటారు: ‘వీ వన్ లోపు ఇంజిన్ పోతే ఆపేస్తాం, వీ వన్ దాటాక పోతే ఎగురుతాం, ఎగిరాక ఫలానా వైపు తిరుగుతాం.’ వీ వన్ అంటే ఆగడానికి రన్‌వే ఇంకా సరిపోయే ఆఖరి వేగం. వేలసార్లు ఎగిరిన కెప్టెన్ కూడా ఈ మాటలు మళ్లీ చెబుతాడు. అమెరికా నౌకాదళం వారి బ్లూ ఏంజెల్స్ విన్యాస బృందం ప్రదర్శనకు ముందు బల్ల చుట్టూ కళ్లు మూసుకుని కూర్చుంటుంది. నాయకుడు ఒక్కో విన్యాసం ఏ స్వరంతో గాల్లో పిలుస్తాడో అదే స్వరంతో ఇక్కడా పిలుస్తాడు, మిగతావాళ్ల చేతులు లేని కంట్రోళ్లను కదుపుతుంటాయి.

ఇందులో శాస్త్రం ఎంత? డ్రిస్కెల్, కాపర్, మోరన్ అనే పరిశోధకులు అంతకుముందు జరిగిన అధ్యయనాలన్నీ పోగేసి 1994లో ఒక విశ్లేషణ వెలువరించారు. మనసులో చేసే సాధన నిజంగానే పనిచేస్తుంది, చేత్తో చేసే సాధనకు అది సాటి రాదు, మళ్లీ మళ్లీ చెయ్యకపోతే దాని బలం తగ్గిపోతుంది. వాళ్లు తేల్చింది ఇది. ఇంకా ఆసక్తికరమైనది కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఫామ్, షెల్లీ టేలర్ విద్యార్థులతో చేసి 1999లో ప్రచురించిన పరీక్ష. కొందరిని మంచి మార్కులు వచ్చినట్టు, ఆ సంతోషాన్ని అనుభవిస్తున్నట్టు రోజూ ఊహించుకోమన్నారు. మరికొందరిని పుస్తకం తెరిచినట్టు, టీవీ కట్టేసినట్టు, ఏ గంటకు ఏం చదివేదీ ఊహించుకోమన్నారు. రెండో గుంపు బాగా రాసింది. మొదటి గుంపు చదివే గంటలే తగ్గిపోయాయి. గమ్యం చేరినట్టు కల కంటే మనసు అప్పుడే చేరిపోయినట్టు ఒళ్లు వదిలేస్తుంది. కలలు కనండి అని పిల్లలకు చెప్పే ప్రతి వేదిక మీదా ఈ సంగతి కూడా చెప్పాలి. కిరీటాన్ని కాదు, మెట్లను ఊహించుకోవాలి.

తెలుగువాళ్లకు ఈ విద్య కొత్తదేమీ కాదు. గోదావరి జిల్లాల నుంచి వెళ్లి తిరుపతి వెంకట కవులు ఊరూరా చేసిన అవధానాలను గుర్తు తెచ్చుకోండి. అవధాని చుట్టూ ఎనిమిది మంది పృచ్ఛకులు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు ఒక్కో అక్షరం నిషేధిస్తారు, మధ్యలో అప్రస్తుత ప్రసంగి అడ్డదిడ్డమైన ప్రశ్నలు వేస్తాడు. అతని పనే ధార తెంచడం. అవధాని అతనికి చమత్కారంగా జవాబిస్తాడు, లోపల పద్యపాదం మాత్రం ఆగిన చోటి నుంచే మళ్లీ అందుకుంటాడు. కాక్‌పిట్‌లో అప్రస్తుత ప్రసంగి మనిషి రూపంలో రానక్కర్లేదు. ఒక చిన్న దీపం, ఒక గంట, ఒక అనుమానం చాలు. 10,000 అడుగుల లోపు పనికి సంబంధం లేని మాట మాట్లాడకూడదని విమానయానంలో నియమం పెట్టుకున్నది అందుకే.

ధార తెగితే ఏమవుతుందో మనకు తెలిసినంత బాధగా తెలిసినవాళ్లు తక్కువ. 2009 సెప్టెంబరు 2 ఉదయం బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయల్దేరిన ముఖ్యమంత్రి వైఎస్ రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ నల్లమల కొండల్లో కూలిపోయింది. ఆయనతో సహా ఐదుగురు ప్రాణాలు కోల్పోయారు. ఆ రోజు టీవీల ముందు రాష్ట్రమంతా ఎలా కూర్చుండిపోయిందో ఆ వయసు వాళ్లెవరూ మరిచిపోలేదు. ఆర్.కె. త్యాగి నాయకత్వంలో విచారణ జరిపిన కమిటీ, మేఘాల్లో బలంగా కిందికి తోసే గాలిలో హెలికాప్టర్ చిక్కుకుపోయిందని తేల్చింది. దానికి తోడు ట్రాన్స్‌మిషన్ ఆయిల్‌కు సంబంధించిన సమస్య ఒకటి తలెత్తి, అదేమిటో తేల్చుకోవడంలో పైలట్ల మనసు మునిగిపోయిందని కూడా చెప్పింది. కాలు మీద కాలేసుకుని ఇంట్లో కూర్చున్న మనకు ఆ ఇద్దరినీ తప్పుపట్టే హక్కు లేదు. చుట్టూ మబ్బు, కింద కొండ, ముందు హెచ్చరిక ఉన్నప్పుడు మనిషి మనసు ఒక్కదాన్నే పట్టుకుంటుంది. ఏది పట్టుకోవాలో ముందే నేర్పాల్సిన బాధ్యత శిక్షణది. 1972 డిసెంబరు 29న ఫ్లోరిడాలో ఈస్టర్న్ 401 విమానం సిబ్బంది అంతా వెలగని ఒక బుల్బు చుట్టూ మూగారు. విమానం మెల్లగా ఎత్తు కోల్పోతున్న సంగతి ఎవరూ గమనించలేదు. ఎవర్‌గ్లేడ్స్ చిత్తడిలో, కొల్లేరులాంటి నీళ్లూ రెల్లూ ఉన్న నేలలో, 101 మంది పోయారు. ముందు విమానాన్ని నడుపు, తర్వాత దారి చూసుకో, ఆ తర్వాతే మాట్లాడు అని పైలట్లకు మొదటి రోజు నుంచీ నూరిపోసేది ఇలాంటి రోజుల కోసమే.

మన ప్రాంతానికి విమానం కొత్త కాదు, ఎగరక ముందే మనసులో ఎగరడమూ కొత్త కాదు. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డాయి. ఆ యుద్ధ కాలంలోనే తాడేపల్లిగూడెంలో రన్‌వే వేశారు. ఇప్పుడు అటువైపు విమానాల చప్పుడు లేదు, ఎన్ఐటీ విద్యార్థుల సందడి ఉంది. ఆనాటి పైలట్‌కు ఉన్నవి మ్యాపు, దిక్సూచి, చేతి గడియారం. బయల్దేరే ముందే దారంతా తలలో నడిపించుకోవాల్సిందే: ఎన్ని నిమిషాలకు గోదావరి దాటాలి, ఎప్పుడు ఎడమ పక్కన కొల్లేరు కనపడాలి, కనపడకపోతే ఏం చెయ్యాలి.

అంతరిక్షానికి వెళ్లేవాళ్లదీ ఇదే సాధన. తెలంగాణలో మూలాలున్న రాజాచారి అమెరికా వైమానిక దళంలో టెస్ట్ పైలట్‌గా ఎదిగి, 2021 నవంబరులో నాసా క్రూ-3 యాత్రకు కమాండర్‌గా అంతరిక్ష కేంద్రానికి వెళ్లారు. వ్యోమగాముల సిమ్యులేటర్ శిక్షణలో పెద్ద భాగం వైఫల్యాలదే. ఇది పాడైతే, అది ఆగితే, రెండూ ఒకేసారి జరిగితే. హైదరాబాద్‌లో చదువుకున్న రాకేశ్ శర్మ 1984లో అంతరిక్షంలో యోగాసనాలు వేసి చూశారు. యోగాలో లాగే ఊపిరిని అదుపులో పెట్టుకోవడం ఈ విద్యలో చిన్న భాగమైనా గట్టి భాగం. గుండె దడదడలాడుతున్నప్పుడు నిదానంగా వదిలే ఒక్క శ్వాస, నేర్చుకున్నది గుర్తుకు రావడానికి చోటిస్తుంది.

ఇక అన్నిటికంటే నాకు దిగులు కలిగించేది, ఇప్పుడు పైలట్ కావాలనుకుంటున్న మన ఊరి పిల్లల సంగతి. కమర్షియల్ పైలట్ లైసెన్సుకు మన దేశంలో 200 గంటలు ఎగరాలి. ఖర్చు లక్షల్లో కాదు, పదుల లక్షల్లో. పొలం కాగితాలు బ్యాంకులో పెట్టి పంపిన ఇంటి నుంచి వచ్చిన పిల్లవాడికి ప్రతి గంటా అప్పులాగే కనిపిస్తుంది. ఒంట్లో బాగోలేకపోయినా, రాత్రి నిద్ర పట్టకపోయినా, ‘ఇవాళ వద్దు సార్’ అనడానికి నోరు రాదు. ఎగిరే ముందు ప్రతి పైలట్ తనను తాను అడగాల్సిన ప్రశ్నలున్నాయి: జబ్బుగా ఉందా, మందులేమైనా వేసుకున్నానా, మనసులో ఒత్తిడి ఉందా, మద్యం తాగానా, అలసట ఉందా, కోపమో దుఃఖమో మోసుకొచ్చానా? మద్యం సంగతి ఊపిరి పరీక్ష తేలుస్తుంది. మిగతావి తనకు తప్ప మరొకరికి తెలియవు. ఎంత గొప్పగా చైర్ ఫ్లయింగ్ చేసినా, నిద్రలేని బుర్రలో ఆ సాధన సరైన సమయానికి పైకి రాదు.

నియమాలు కొంత కదిలాయి. పైలట్ల వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48 గంటలకు పెంచుతూ పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2024 జనవరిలో కొత్త నిబంధనలు ప్రకటించింది. అంతకుముందే 2023లో, మనసు బాగోలేని పైలట్ తోటి పైలట్‌తో గుట్టుగా మాట్లాడుకునే ఏర్పాటు ఉండాలని విమాన సంస్థలకు చెప్పింది. లైసెన్సు పోతుందన్న భయంతో దిగులును దాచుకునేవాళ్లకు అది అవసరమైన తలుపు. శిక్షణ కేంద్రాల్లోని పద్దెనిమిదేళ్ల పిల్లలకూ అలాంటి తలుపు కావాలి. దానికి తొలి మెట్టు ఇంట్లోనే పడొచ్చు. ఏలూరు నుంచో భీమవరం నుంచో ఆదివారం ఫోన్ చేసే నాన్న ‘ఎన్ని గంటలయ్యాయిరా?’ అని అడిగే ముందు, ‘రాత్రి నిద్ర పట్టిందా నాన్నా? బాగోలేకపోతే రేపు ఎగరకు, డబ్బు సంగతి నేను చూసుకుంటాను’ అనగలిగితే చాలు.