బండి వెనక చక్రం ఏమంటోంది?

నేను మెకానికల్ మూడో సంవత్సరం. బ్రేకుల్లో లీడింగ్ షూ, ట్రెయిలింగ్ షూ మీద పది మార్కుల ప్రశ్న వస్తే బొమ్మతో సహా రెండు పేజీలు నింపేస్తాను. అలాంటివాణ్ణి, సొంత బండి బ్రేకులో నా చేత్తో నేనే నూనె పోసుకుని, వెనక అమ్మ కూర్చుని ఉండగా తార్నాక చౌరస్తాలో బండి ఆగక చచ్చినంత పని అయింది. మనలో చాలామందిమి నాన్నో అన్నో వాడి ఇచ్చిన పాత బండ్ల మీదే క్యాంపస్‌కి వస్తాం కాబట్టి, ఆ తప్పు ఇంకొకరు చేయకూడదని ఇది రాస్తున్నాను.

మాది లాలాగూడ. నాన్న పదేళ్ళు నడిపిన 100 సీసీ బండి ఇప్పుడు నాది. వర్షాకాలం అయిపోయాక వెనక చక్రం నుంచి ఏదో చప్పుడు మొదలైంది. ఆర్ట్స్ కాలేజీ ముందు రోడ్డు పొద్దున్నే ప్రశాంతంగా ఉంటుంది కదా, అక్కడైతే మరీ స్పష్టంగా వినిపించేది. బ్రేకు తొక్కితే కీచుమనేది. తొక్కకపోయినా లోపల ఏదో నలుగుతున్నట్టు గరగర. "తుప్పు పట్టింది మామా, రెండు చుక్కలు ఆయిల్ వెయ్, పోతది" అన్నాడు క్లాస్‌మేట్. బ్రేకు లివర్ చక్రంలోకి వెళ్ళేచోట వేశాను. రెండు చుక్కలు కాదు, ధారాళంగానే వేశాను. కీచుమనడం ఆగింది. గొప్ప ఇంజనీర్‌నే అనుకున్నాను.

మర్నాడు అమ్మని తార్నాక ఆర్టీసీ హాస్పిటల్‌కి తీసుకెళ్తున్నాను. చౌరస్తాలో రెడ్ పడింది. పెడల్ తొక్కాను. పెడల్ మామూలుగానే దిగింది, బండి మాత్రం తన దారిన తాను పోతూనే ఉంది. ముందు బ్రేకు గట్టిగా పట్టాను. ఆటోకి జానెడు దూరంలో ఆగాం. అమ్మ ఏమీ అనలేదు. నా భుజం మీద ఉన్న చెయ్యి మాత్రం హాస్పిటల్ గేటు దాకా తియ్యలేదు.

ఏం జరిగిందో మన పుస్తకంలోనే ఉంది. డ్రమ్ బ్రేకులో రెండు షూలుంటాయి. పెడల్ తొక్కితే మధ్యలో ఉన్న క్యామ్ తిరిగి, వాటిని డ్రమ్ము లోపలి గోడకి నొక్కుతుంది. అందులో లీడింగ్ షూని ఘర్షణే ఇంకా లోపలికి లాగుతుంది. అంటే మనం కొంచెం నొక్కితే డ్రమ్ము తిరుగుడే మిగతా పని చేసిపెడుతుంది. కానీ నూనె చేరి ఘర్షణ తగ్గిందంటే ఆ సాయం కూడా తగ్గుతుంది. అందుకే ఘర్షణ సగానికి పడితే, బ్రేకు పట్టు సగం కంటే ఎక్కువే పడిపోతుంది. క్యామ్ దగ్గర నేను పోసిన నూనె లోపలికి జారి లైనింగ్‌లోకి ఇంకిపోయింది. ఇంకిన నూనె తుడిస్తే పోదు. షూలు మార్చాల్సిందే.

మార్పించాను. కీచుమనడం పోయింది, బ్రేకు బాగా పడుతోంది. కానీ గరగర అలాగే ఉంది! మెకానిక్ అన్న "కొత్త షూలు కదా, అరిగితే పోతది" అన్నాడు. నేనూ నమ్మాను.

నమ్మనిది మా తాతయ్య. ఆయన లాలాగూడ క్యారేజ్ వర్క్‌షాప్‌లో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. 1893లో, నిజాం రైల్వే రోజుల్లో పెట్టిన కార్ఖానా అది. రైల్వేలో చప్పుడు వినడం కూడా ఒక ఉద్యోగమే. పూర్వం చక్రాన్ని సుత్తితో కొట్టి వినేవాళ్ళు. మంచి చక్రం గంటలా ఖంగుమంటుంది, బీట పడ్డది బొంగురుగా పలుకుతుంది. ఇప్పటికీ రైలు స్టేషన్లోకి వస్తుంటే సిబ్బంది పట్టాల పక్కన నిలబడి, వేలాడే భాగాలేమైనా ఉన్నాయా, ఏ చక్రమైనా తేడాగా మోగుతోందా, ఏ యాక్సిల్ అయినా వేడెక్కిందా అని చూస్తారు.

నేను గేటులోకి రాగానే తాతయ్య అరుగు మీద నుంచే అన్నారు: "గది బ్రేకు చప్పుడు గాదురా."

"మరేంటి తాతయ్యా?"

"నన్నడిగితే నేనేం జెప్త? బండినడుగు. సప్పుడు ఎప్పుడొస్తది, ఎప్పుడు ఆగుతది, గది జూడు ముందు."

ఆయన అడిగించిన ప్రశ్నలే వరసగా రాస్తున్నాను. అందరికీ పనికొస్తాయి.

మొదటిది, బ్రేకు తొక్కితేనే వస్తోందా? అలాగైతే తప్పు షూల దగ్గరే. సన్నగా కీచుమంటే దుమ్ము చేరిందనో, లైనింగ్ నున్నగా గాజులా అయిందనో అర్థం. షూ ఒక క్షణం అతుక్కుని మరుక్షణం జారుతూ వణుకుతుంది. వయొలిన్ తీగ మీద కమాను లాగితే మోగేది కూడా ఇలాగే. ఇనుము ఇనుముని గీకినట్టు వస్తే లైనింగ్ అయిపోయింది, ఇక ఆ బండి నడపకూడదు.

రెండోది, బ్రేకు తొక్కకపోయినా వస్తోందా? ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా పోతూ క్లచ్ పట్టి వదిలేయండి. ఇంజన్ స్పీడు తగ్గినా చప్పుడు చక్రంతోపాటే నడుస్తుంటే అది చక్రానిదో గొలుసుదో. యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడూ వదిలినప్పుడూ మాత్రమే టక్కుమంటే గొలుసు వదులైందో, హబ్బులో రబ్బర్లు అరిగాయో చూడాలి.

మూడోది, చప్పుడుకి లయ ఉందా? నా బండి చక్రం చుట్టుకొలత దాదాపు 1.9 మీటర్లు. 20 కిలోమీటర్ల వేగంలో సెకనుకి మూడు చుట్లు తిరుగుతుంది. సెకనుకి మూడు టకటకలు వినిపిస్తే చుట్టుకొకటి అన్నమాట. డ్రమ్ము ఒకచోట వంకర పోయి ఉండొచ్చు, టైరులో ఏదో గుచ్చుకుని ఉండొచ్చు. ముందు పళ్ళచక్రం దీనికి దాదాపు మూడింతలు వేగంగా తిరుగుతుంది కాబట్టి దాని టకటక ఇంకా దగ్గరదగ్గరగా ఉంటుంది. బేరింగు సంగతి వేరు. ఎనిమిది గుండ్లున్న బేరింగు బయటి రింగులో ఒక గుంట పడితే, చక్రం ఒక చుట్టు తిరిగేలోపు దాదాపు మూడు గుండ్లు ఆ గుంట మీదుగా వెళ్తాయి. అంటే సెకనుకి దాదాపు తొమ్మిది దెబ్బలు. అన్ని దెబ్బల్ని లెక్కపెట్టడం కష్టం, గరగరగా వినిపిస్తాయి.

నాలుగోది, ఆగి ఉన్నప్పుడు చేసే పరీక్ష. ఇంజన్ ఆపి, సెంటర్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో పెట్టి చక్రాన్ని చేత్తో తిప్పాలి. తాతయ్య ముందు గొలుసు లాకు తీయించి గొలుసు పక్కకి పెట్టించారు. అయినా గరగర ఉంది, అంటే గొలుసు నిర్దోషి. తర్వాత పొడుగు స్క్రూడ్రైవర్ మొనని యాక్సిల్ పక్కన స్వింగ్ ఆర్మ్ మీద ఆనించి, పిడిని నా చెవి ముందున్న ఎముకకి ఆనించమన్నారు. ఆయన చక్రం మెల్లగా తిప్పారు. ఇసుక నలిగినట్టు వినిపించింది. చివరికి టైరు పైనొక చెయ్యి, కిందొక చెయ్యి వేసి ఊపితే చక్రం కటకటమని కదిలింది. స్వింగ్ ఆర్మ్ కదల్లేదు, చక్రం ఒక్కటే కదిలింది. స్వింగ్ ఆర్మ్ కూడా కదిలి ఉంటే దాని బుష్షులు చూడాల్సి వచ్చేది.

చక్రం విప్పిస్తే బేరింగులో గ్రీజు బదులు తుప్పు రంగు నీళ్ళున్నాయి. గుండ్లని ఎడంగా పట్టి ఉంచే రేకు ఒకచోట తెగింది. వానాకాలమంతా రోడ్డు మీద నిలిచిన నీళ్ళలో నడిపాను, పైగా వాటర్ సర్వీసింగ్‌లో హబ్బు మీదకే పైపు పెట్టి కొట్టించాను. సీలు దాటి నీళ్ళు వెళ్ళాయి. అలాగే నడిపి ఉంటే గుండ్లు చెదిరి చక్రం పక్కకి ఒరిగేది, లేదా పట్టేసేది. రెండు బేరింగులూ ఆయిల్ సీలూ మార్చాక బండి మూగదైపోయింది.

నా తప్పు ఎక్కడో ఇప్పుడు తెలుస్తోంది. వచ్చినవి రెండు చప్పుళ్ళు. నేను ఒకటే అనుకున్నాను. కీచు షూలది, గరగర బేరింగుది. ఒకటి పోగానే రెండోది కూడా పోతుందిలే అని ఊరుకున్నాను.

మీరు బండి విప్పేటప్పుడు మూడు జాగ్రత్తలు. బ్రేకు దగ్గర నూనె వద్దు. డ్రమ్ములో పొడిని నోటితో ఊదొద్దు, పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, తడిగుడ్డతో తుడవండి. గొలుసు లాకు తిరిగి పెట్టేటప్పుడు దాని మూసిన కొస గొలుసు పోయే దిక్కుకే ఉండాలి.

పోయిన సోమవారం అమ్మని మళ్ళీ హాస్పిటల్‌కి తీసుకెళ్ళాను. అదే చౌరస్తా, అదే రెడ్. బండి గీత దగ్గరే ఆగింది. "ఇప్పుడు సప్పుడు వస్తలేదు గదా?" అంది అమ్మ. అన్ని రోజులూ ఆమె కూడా వింటూనే ఉందని నాకు అప్పుడు తెలిసింది.