పొద్దున్నే కూలబడే బండి

బెంగళూరు టౌన్‌హాల్ దగ్గర మొదలై మినర్వా సర్కిల్ వైపు సాగే జేసీ రోడ్డుకు మైసూరు చివరి మహారాజు జయచామరాజేంద్ర వడయార్ పేరు పెట్టారు. రవీంద్ర కళాక్షేత్రం ఉన్నదీ ఈ రోడ్డులోనే. అయినా జనం ఎక్కువగా వచ్చేది నాటకాలకు కాదు, బండి సామాన్లకు. శనివారం పూట ఇక్కడి కౌంటర్ల ముందు కన్నడ, ఉర్దూ, తమిళాలతో పాటు తెలుగూ బాగానే వినిపిస్తుంది. "అన్నా, పాత ఎక్స్5కి వెనక ఎయిర్ షాక్స్ పోయాయి, జత ఎంత?" అని అడిగితే ధర చెప్పడం దుకాణదారుకు చిటికెలో పని. పోయింది నిజంగా అవేనా అన్నది మాత్రం అతను చెప్పలేడు. బండి ఎక్కడో మారతహళ్లిలో అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఉంటుంది.

బండి బరువు మోసేది స్ప్రింగు. గుంతలో పడి లేచాక ఆ స్ప్రింగు ఊగుతూనే ఉండకుండా పట్టి ఆపేది షాక్ అబ్జార్బర్, మెకానిక్కుల మాటలో షాకర్. దాని గొట్టంలో నూనె ఉంటుంది. బండి కుదిపినప్పుడల్లా ఆ నూనె పిస్టన్‌లోని సన్నటి రంధ్రాల గుండా అటూ ఇటూ దూరాలి. ఆ ఇరుకుదారిలో ఊపు కాస్తా వేడిగా మారిపోతుంది. షాకర్ పూర్తిగా చచ్చినా బండి ఎత్తు పెద్దగా తగ్గదు, హంప్ దాటాక రెండు మూడుసార్లు ఊగుతుంది, అంతే. రాత్రి సరిగ్గా నిలబెట్టిన బండి పొద్దున్నకి వెనక కూలబడిందంటే అది షాకర్ తప్పు కాదు. గాలి స్ప్రింగుదో, దానికి గాలి అందించే ఏర్పాటుదో అయి ఉంటుంది.

మనం ఎయిర్ షాక్స్ అని ఒకే పేరుతో పిలిచేవాటిలో నిజానికి మూడు వేర్వేరు ఏర్పాట్లున్నాయి. అమెరికాలో గేబ్రియల్, మన్రో కంపెనీలు అమ్ముతూ వచ్చిన పాత రకంలో షాకర్ చుట్టూనే రబ్బరు తొడుగు ఉంటుంది. టైరుకు కొట్టినట్టు వాల్వు దగ్గర గాలి కొట్టుకోవాలి. మన్రో మ్యాక్స్-ఎయిర్ రకంలో గాలి 20 పీఎస్ఐకి తగ్గకూడదు, 150 దాటకూడదు. ఖాళీ బండే కదా అని మొత్తం గాలి తీసేస్తే రబ్బరు మడతపడి నలిగిపోతుంది. (గేబ్రియల్ పేరు మనకు కొత్త కాదు. గేబ్రియల్ ఇండియా 1961లో మొదలైంది, బెంగళూరు పక్కనే హోసూరులో దానికో కర్మాగారం ఉంది.) రెండోది నివోమాట్. తొలితరం వోల్వో ఎక్స్‌సీ90 లాంటి బళ్లలో వచ్చింది. కంప్రెసర్ ఉండదు, గొట్టాలుండవు. రోడ్డు కుదుపులనే వాడుకుని లోపలి నూనెను తానే పంపు చేసుకుంటుంది, కొంతదూరం పోయేసరికి బండి వెనకభాగాన్ని లేపుతుంది. చూడటానికి మామూలు షాకర్‌లాగే ఉంటుంది. అదే ప్రమాదం. దాని స్థానంలో చవకగా మామూలు షాకర్ బిగిస్తే బండి వెనక దిగిపోతుంది, ఎందుకంటే దాని జోడుగా పెట్టిన కాయిల్ స్ప్రింగు మెత్తనిది.

బెంగళూరు షెడ్లలో ఎక్కువగా తగిలేది మూడో రకం. 2006-2013 మధ్య తయారైన రెండోతరం బీఎండబ్ల్యూ ఎక్స్5లో కొన్ని రకాలకు, టొయోటా ప్రాడో 120లో ఖరీదైన రకాలకు వెనకవైపు మాత్రమే ఈ ఏర్పాటు ఉంటుంది. మొదటితరం ఆడి క్యూ7, మెర్సిడెస్ జీఎల్‌లలో ఈ ఏర్పాటు ఉంటే నాలుగు చక్రాలకూ గాలే. చాలా బళ్లలో వెనక వైపు బరువు మోసేది రబ్బరు బెలో, దాని పక్కన షాకర్ విడిగా. గాలినిచ్చేది చిన్న ఎలక్ట్రిక్ కంప్రెసర్. ఎంత ఇవ్వాలో చెప్పేది చక్రం దగ్గర ఉండే ఎత్తు సెన్సర్.

ఇంత హంగు దేనికంటే బరువు కోసం. ఊరి నుంచి బెంగళూరు తిరిగొచ్చే తెలుగువాళ్ల బండి డిక్కీ చూస్తే అర్థమవుతుంది. పాతిక కిలోల బియ్యం బస్తాలు నాలుగు, ఆవకాయ జాడీలు, కొబ్బరికాయలు, వెనక సీట్లో అత్తయ్య, మామయ్య. ఇనుప స్ప్రింగు ఆ బరువుకు దిగిపోతుంది. దిగితే హెడ్‌లైట్ల వెలుతురు ఎదుటి బండివాడి కళ్లలో కొడుతుంది, హంప్ దగ్గర అడుగు తగులుతుంది. గాలి స్ప్రింగు అయితే సెన్సర్ దిగుడు గమనిస్తుంది, కంప్రెసర్ ఇంకొంత గాలి నింపుతుంది, బండి మళ్లీ పాత ఎత్తుకే వస్తుంది. పైగా ఒత్తిడి పెరిగేకొద్దీ స్ప్రింగు బిగువూ పెరుగుతుంది కాబట్టి ఖాళీ బండిలోనూ నిండు బండిలోనూ ప్రయాణం దాదాపు ఒకేలా ఉంటుంది. ఇనుముతో ఇది సాధ్యం కాదు. అయితే గాలి నింపుకున్నంత మాత్రాన బండి మోయగల బరువు పెరగదు. కంపెనీ చెప్పిన పరిమితి పరిమితే.

ఈ సుఖం మనవాళ్లకు ముందు బస్సుల్లోనే పరిచయమైంది. 1998లో హోసకోటెలో ట్రక్కుల కర్మాగారం పెట్టిన వోల్వో తర్వాత బస్సుల తయారీ మొదలుపెట్టాక హైదరాబాద్-బెంగళూరు రాత్రి ప్రయాణం స్వరూపమే మారిపోయింది. బీఎంటీసీ లోఫ్లోర్ బస్సు స్టాపులో ఉస్సుమంటూ ఒకపక్కకు ఒరగడం కూడా బెలోల్లోంచి గాలి వదలడమే. కార్లలో మాత్రం ఈ పద్ధతి మొదట్లోనే చేదు మిగిల్చింది. 1957లో క్యాడిలాక్ ఎల్డొరాడో బ్రోమ్‌కు గాలి సస్పెన్షన్ పెడితే లీకులు భరించలేక చాలామంది యజమానులు కాయిల్ స్ప్రింగులు వేయించుకున్నారు. దాదాపు 70 ఏళ్ల తర్వాత జేసీ రోడ్డులోనూ అదే చర్చ.

లీకు ఎక్కడ మొదలవుతుందో చూద్దాం. బెలో అంటే దారాల వల మీద పోత పోసిన రబ్బరు. చక్రం లేచి దిగినప్పుడల్లా దాని కింది మడత అడుగునున్న పిస్టన్ మీద ఎక్కుతూ దిగుతూ దొర్లుతుంది. లక్షలసార్లు ఒకే చోట మడతపడే ఆ భాగంలో, పదేళ్లు దాటేసరికి, సన్నటి పగుళ్లు కనిపిస్తాయి. రోడ్ల మీద కాంక్రీటు పరిచే వైట్‌టాపింగ్ పనుల సిమెంటు దుమ్ము, వానాకాలపు బురద ఆ మడతలో చేరి గరుకు కాగితంలా రాపిడి పెడతాయి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కన హంప్ 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్ల ఎత్తుకు మించకుండా నున్నగా లేవాలి. మన వీధి చివర రాత్రికి రాత్రి వెలిసేవాటిని ఎవరూ టేపు పెట్టి కొలిచినట్టు కనపడదు. బెంగళూరు చల్లదనం రబ్బరుకు కొంత మేలే చేస్తుంది గానీ హంపుల ముందు ఆ మేలు నిలవదు.

మొదట లీకు చాలా చిన్నది. రాత్రంతా పోయిన గాలిని పొద్దున్నే కంప్రెసర్ పూరిస్తుంది. కొన్నాళ్లకు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడూ నడుస్తుంది. అది ఒకటి రెండు నిమిషాలు నడిచి ఆగడానికి చేసిన మోటారు. గంటలో పదిసార్లు నడిపిస్తే లోపలి పిస్టన్ రింగు అరుగుతుంది, మోటారు వేడెక్కుతుంది. గాలిలోని తేమ పీల్చే డ్రయ్యర్ తడిసి ముద్దవుతుంది, ఆ తడి వాల్వుల్లోకి పోతుంది. కంప్రెసర్‌కు కరెంటు కలిపే రిలే కాంటాక్టులు అతుక్కుంటే తాళం తీసేసినా కంప్రెసర్ ఆగదు, తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ. డ్యాష్‌బోర్డులో హెచ్చరిక వెలిగేది చాలాసార్లు ఈ దశలోనే. అప్పుడు షెడ్డులో కంప్రెసర్ మారుస్తారు, బెలో జోలికి పోరు. కొన్నాళ్లకే కొత్త కంప్రెసరూ పోతుంది. నా లెక్కలో అసలు నష్టం ఇక్కడ జరుగుతోంది. చవకైన రబ్బరు కోసం ఖరీదైన మోటారును బలి ఇస్తున్నాం.

లీకు పట్టుకోవడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. సమతలంగా ఉన్న చోట బండి ఆపి, వెనక చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా టేపుతో కొలిచి రెండువైపులా రాసుకోండి. పొద్దున్నే స్టార్ట్ చేయకముందు మళ్లీ కొలవండి. ఒకవైపే దిగితే ఆ వైపు బెలోను గానీ దాని గొట్టం జాయింటును గానీ అనుమానించాలి. రెండువైపులా సమానంగా దిగితే గాలిని బెలోలకు పంచే వాల్వు బ్లాకు వైపు చూడాలి. తర్వాత సబ్బునీళ్ల స్ప్రే. బండి పైకి లేచి ఉన్నప్పుడు ఒకసారి, కిందికి దింపినప్పుడు ఇంకోసారి కొట్టాలి. పగులు మడత లోపలుంటే ఒక ఎత్తులో మూసుకుపోయి ఇంకో ఎత్తులో బుడగలు పోస్తుంది. బండి ఒరిగినా గాలి మాత్రం ఎక్కడా పోవడం లేదా? ఎత్తు సెన్సర్‌కున్న చిన్న లింకు విరిగిందేమో చూడండి. వేలెడంత ముక్క విరిగినందుకు రెండు బెలోలూ మార్పించిన బళ్లు ఉన్నాయి.

పగిలిన బెలోకు పంక్చర్ అతుకు వేస్తామనేవాళ్లు తగులుతారు. వద్దు. నిరంతరం మడతపడే చోట ఏ అతుకూ నిలవదు. బస్సుల వాళ్లు కూడా బెలో పోతే కొత్తదే వేస్తారు. రెండు వైపులా ఒకే వయసు కాబట్టి జతగా మార్చడమే మేలు. కొత్తది కొనేటప్పుడు రబ్బరు మీద తయారీ తేదీ ఉంటే చూసుకోండి, ఏళ్ల తరబడి అటక మీదున్న సరుకు కొత్తది కాదు.

బిగించే పనిలో రెండు చోట్ల తప్పు జరుగుతుంది. ఒకటి, బెలోలో కొంచెం గాలి నింపకుండానే బండిని జాకీ మీద నుంచి దింపడం. ఖాళీ రబ్బరు బరువు కింద అడ్డదిడ్డంగా మడతపడి మొదటిరోజే చిరుగుతుంది. రెండు, షాకర్ బుష్ బోల్టులను చక్రాలు వేలాడుతుండగానే బిగించెయ్యడం. బండి దిగాక ఆ బుష్ ఎప్పుడూ మెలితిరిగే ఉంటుంది, త్వరలోనే చిరిగి టకటకమంటుంది. బండి నడిచే ఎత్తుకు వచ్చాకే ఆ బోల్టులు బిగించాలి. లక్ష కిలోమీటర్లు దాటిన షాకర్లయితే బెలోలతో పాటే మార్పించడం నయం, అంతా విప్పే కూలి ఒకసారితో పోతుంది. ఇంకోమాట: గాలి మీద నిలబడిన బండి కిందికి ఎవరినీ దూరనివ్వకండి. స్టాండ్లు పెట్టాల్సిందే.

ఇక గాలి స్ప్రింగులు తీసేసి ఇనుప స్ప్రింగులు వేసే కాయిల్ కిట్ సంగతి. లీకుల బాధ పోతుంది, దాంతోపాటు బరువుకు తగ్గట్టు లేచే గుణమూ పోతుంది. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. కిట్ వేయించే ముందు ఆర్టీవోనూ బీమా కంపెనీనీ అడగడం తప్పనిసరి. 15 ఏళ్లు నిండిన కారుకు రిజిస్ట్రేషన్ పొడిగించే కేంద్రం రుసుమే 2022 ఏప్రిల్‌లో 5,000 రూపాయలకు, దిగుమతి చేసుకున్న కారుకైతే 40,000కు పెరిగింది. అక్కడిదాకా వెళ్లి తనిఖీలో చిక్కు తెచ్చుకోవడం ఎందుకు?

ఇంజనూ గేర్‌బాక్సూ బాగున్న బండికి గాలి ఏర్పాటే ఉంచుకోవాలన్నది నా అభిప్రాయం. వెనక రెండు బెలోలు, కంప్రెసర్‌కు కొత్త రిలే, డ్రయ్యర్ తనిఖీ, అవసరమైతేనే షాకర్లు. ఈ వరసలో అడగండి, పార్టు నంబరు రాసిన బిల్లు తీసుకోండి. పండక్కి ఊరెళ్లే ఆలోచన ఉంటే ఈ వారమే టేపు పెట్టి కొలవండి. కొలత రాత్రికీ పొద్దుటికీ వేలెడు తేడా చూపిస్తే, బియ్యం బస్తాలు ఎక్కించకముందే షెడ్డుకు తీసుకెళ్లండి.