దోరగా వేగడం వేరు, మాడడం వేరు

సున్నుండల కోసం ఇనప మూకుట్లో మినపగుళ్లు వేయిస్తుంటే, తెల్లటి గింజలు లేత బంగారు రంగుకు తిరిగేసరికి ఇల్లంతా కమ్మటి వాసన వస్తుంది. వేయిస్తే పోషకాలన్నీ పోతాయని కొందరంటారు. ఎర్రబడిందల్లా ఆరోగ్యమేనని ఇంకొందరంటారు. ఇద్దరి మాటా సగమే నిజం.

అపోహ: పచ్చిగా తింటేనే యాంటీఆక్సిడెంట్లు దక్కుతాయి.

వాస్తవం: విటమిన్‌ సి వంటివి వేడికి తగ్గే మాట నిజమే. కానీ వేడికి కొత్తవీ పుడతాయి. అమైనో ఆమ్లాలు, చక్కెరలు వేడికి కలిసి రంగు మారే చర్యను ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీల్‌ మయార్‌ 1912లో వివరించారు. ఆ చర్య చివర ఏర్పడే గోధుమ రంగు పదార్థాలే మెలనాయిడిన్లు. కాఫీ గింజలు వేగేటప్పుడు క్లోరోజెనిక్‌ ఆమ్లాలనే యాంటీఆక్సిడెంట్లు తగ్గినా, ఆ లోటును కొంతవరకు మెలనాయిడిన్లు పూడుస్తాయి. టమాటాను నూనెలో మగ్గిస్తే అందులోని లైకోపీన్‌ అనే యాంటీఆక్సిడెంట్‌ పచ్చిగా తిన్నప్పటి కన్నా బాగా ఒంటబడుతుంది.

అపోహ: మెలనాయిడిన్లు అరగవు కనుక వాటితో ప్రయోజనం లేదు.

వాస్తవం: వాటిలో పెద్ద భాగం చిన్నపేగులో అరగని మాట నిజం. అవి పీచుపదార్థంలాగే పెద్దపేగుకు చేరతాయి. అక్కడి బ్యాక్టీరియా వాటిని కొంతమేర వాడుకుంటుంది. దారిలోనూ అవి ఊరికే ఉండవు. ఇనుము వంటి లోహాలను పట్టి ఉంచుతాయి. కడుపులో కొవ్వులు ఆక్సీకరణకు లోనయ్యే చర్యను ఆ లోహాలే వేగవంతం చేస్తాయి కాబట్టి, వాటిని కట్టడి చేయడం మేలే. అయితే ఇదే గుణానికి ఇంకో వైపూ ఉంది. భోజనంతో పాటు కాఫీ తాగితే ఇనుము ఒంటికి పట్టడం తగ్గుతుంది. ఇందులో కాఫీలోని పాలీఫినాల్స్‌ పాత్ర ఎక్కువ. రక్తహీనత ఉన్నవారు అన్నానికీ కాఫీకీ కనీసం గంట ఎడం పాటించాలి.

అపోహ: ప్రయోగశాలలో యాంటీఆక్సిడెంట్‌ అంకె ఎంత పెద్దదైతే ఒంటికి అంత మేలు.

వాస్తవం: పరీక్షనాళికలో కనిపించిన శక్తి అంతా రక్తంలోకి చేరదు. అందుకే అమెరికా వ్యవసాయ శాఖ, ఆహారాల యాంటీఆక్సిడెంట్‌ అంకెలతో పెట్టిన ‘ఓరాక్‌’ పట్టికను 2012లో తన వెబ్‌సైట్‌ నుంచి తొలగించింది.

అపోహ: రంగు ముదిరేకొద్దీ మేలు పెరుగుతుంది.

వాస్తవం: ఇది ప్రమాదకరమైన నమ్మకం. బంగాళాదుంప, ధాన్యాల వంటి పిండిపదార్థాలు 120 డిగ్రీలు దాటి వేగితే, వాటిలోని ఆస్పరజిన్‌ అనే అమైనో ఆమ్లం చక్కెరలతో కలిసి అక్రిలమైడ్‌గా మారుతుంది. ఆహారంలో ఇది ఏర్పడుతుందని 2002లో స్వీడన్‌ శాస్త్రవేత్తలు ప్రకటించారు. అంతకుముందే, 1994లో, అంతర్జాతీయ క్యాన్సర్‌ పరిశోధన సంస్థ దీన్ని మనుషుల్లో క్యాన్సర్‌ కలిగించే అవకాశం ఉన్న పదార్థాల్లో చేర్చింది. దీనికి జంతువులపై జరిగిన పరిశోధనలే ప్రధాన ఆధారం. పైగా రంగు ముదిరేకొద్దీ లైసిన్‌ అనే అత్యవసర అమైనో ఆమ్లం మనకు దక్కకుండా పోతుంది. బియ్యం, గోధుమల్లో అది అసలే తక్కువ.

మరి ఏం చేయాలి? బంగాళాదుంప ముక్కలను కాసేపు నీళ్లలో వేసి, తుడిచి వేయించండి, బంగారు రంగు రాగానే తీసేయండి. మాడిన చోట గీకి పారేయండి. పప్పులు దోరగా వేగగానే పొయ్యి ఆపితే సరిపోదు. ఇనప మూకుడు వేడి అంత త్వరగా చల్లారదు, గింజలు అందులో ఇంకా వేగుతూనే ఉంటాయి. వెంటనే వెడల్పాటి పళ్లెంలోకి ఒంపేయండి. కమ్మదనానికీ మాడుకీ మధ్య తేడా ఆ ఒక్క నిమిషమే.