సైకిల్‌ తొక్కి.. కారెక్కి..!

* పెనుకొండలో పాగా వేసిన కొరియా సంస్థ కథ
* హంగులకు మెప్పు.. మరమ్మతులకు బెంగ
* పశ్చిమ ప్రకాశం కొనుగోలుదారులు చూసుకోవాల్సినవెన్నో

మార్కాపురం: పశ్చిమ ప్రకాశంలో మధ్యతరగతి కుటుంబానికి ఇల్లు తర్వాత అంతటి ఖర్చు కారుదే. మిరప, పొగాకు కలిసొచ్చిన ఏడు చేతికందిన సొమ్ము, పలకల వ్యాపారంలో మిగిలిన లాభం, బెంగళూరు, హైదరాబాద్‌లలో కొలువు చేసే పిల్లలు పంపిన జీతం.. ఇలా కూడబెట్టినదానికి బ్యాంకు రుణం జోడించి పది, పదిహేను లక్షల రూపాయలు వెచ్చిస్తున్నారు. జీపు, అంబాసిడర్‌ తప్ప మరొకటి ఎరుగని పల్లెల్లోనూ నేడు కొరియా సంస్థల కార్లు తిరుగుతున్నాయి. వాటిలో హ్యుందాయ్‌ది చెన్నై పొరుగు. కియాది మన రాష్ట్రమే. ‘మన గడ్డపై తయారైన బండి’ అన్న అభిమానం కొనుగోలుదారుల్లో ఉంది. అభిమానం మంచిదే. అయితే ఆ సంస్థ ఎక్కడి నుంచి వచ్చింది? వాడుతున్నవారి అభిప్రాయమేమిటి? ఒంగోలుకు వంద కిలోమీటర్ల అవతల ఉన్న మార్కాపురానికి, నూట యాభై కిలోమీటర్ల అవతలి గిద్దలూరుకు ఆ బండి ఎంతవరకు సరిపోతుంది? రుణపత్రంపై సంతకం చేసేముందు తెలుసుకోవాల్సిన విషయాలివి.

ఉక్కు గొట్టాలతో ఆరంభం

కియా పుట్టింది 1944లో. అప్పటికి కొరియా జపాన్‌ ఏలుబడిలో ఉంది. కిమ్‌ చుల్‌ హో అనే వ్యాపారి సోల్‌ నగరంలో ఉక్కు గొట్టాలు, సైకిల్‌ విడిభాగాలు తయారుచేసే చిన్న కర్మాగారం పెట్టారు. 1950లో కొరియా యుద్ధం రావడంతో పరిశ్రమ దక్షిణ తీరంలోని బుసాన్‌కు తరలింది. ఆ యుద్ధకాలంలోనే, 1952లో, కొరియా తొలి స్వదేశీ సైకిల్‌ను ఈ సంస్థ తయారుచేసింది. దాని పేరుకు ‘మూడువేల రి’ అని అర్థం. రి అన్నది మన క్రోసు, ఆమడ వంటి పాత దూరపు కొలత. కొరియా నేల ఈ కొస నుంచి ఆ కొసకు మూడువేల రిలని అక్కడివారి నానుడి. అదే ఏడాది సంస్థకు కియా అన్న పేరు వచ్చింది. ఆసియా నుంచి పైకి లేవడమని ఆ మాటకు భావం.

1960వ దశకం ఆరంభంలో జపాన్‌ సంస్థల సాంకేతిక సహకారంతో మోటారు సైకిళ్లు, మూడు చక్రాల సరకు బళ్లు వచ్చాయి. 1973లో సోహారిలో సమగ్ర వాహన కర్మాగారం పూర్తయింది. మరుసటి ఏడాది ‘బ్రిసా’ కారు రోడ్డెక్కింది. సైకిల్‌ నుంచి కారు దాకా రావడానికి పట్టిన కాలం 22 ఏళ్లు.

రెండుసార్లు అంచుదాకా..

కియా ప్రస్థానం నల్లేరుపై నడక కాలేదు. 1981లో అక్కడి ప్రభుత్వం పరిశ్రమల పునర్వ్యవస్థీకరణ పేరిట కియా కార్లు తయారుచేయరాదని ఆంక్ష విధించింది. చిన్న ట్రక్కులు, వ్యాన్లకే పరిమితం కావాల్సి వచ్చింది. ఆ గడ్డుకాలంలో ‘బోంగో’ అనే చిన్న వాహనం సంస్థను నిలబెట్టింది. రైతులు, చిరువ్యాపారులు దానిని ఆదరించారు. 1987లో ఆంక్ష తొలగాక ‘ప్రైడ్‌’ కారుతో మళ్లీ పోటీలోకి దిగింది.

రెండో దెబ్బ మరింత పెద్దది. 1997లో ఆసియా దేశాలను ఆర్థిక సంక్షోభం చుట్టుముట్టింది. అప్పుల భారం మోయలేక కియా చేతులెత్తేసింది. సంస్థను వేలానికి పెట్టగా ఫోర్డ్‌, దేవూ, సామ్‌సంగ్‌ సైతం పోటీపడ్డాయి. 1998లో చిరకాల ప్రత్యర్థి హ్యుందాయ్‌ 51 శాతం వాటాతో దానిని చేజిక్కించుకుంది. తర్వాతి కాలంలో ఆ వాటా మూడోవంతుకు తగ్గినా పగ్గాలు హ్యుందాయ్‌ చేతిలోనే ఉన్నాయి.

నేటి కియా కారును అర్థం చేసుకోవాలంటే ఈ ఘట్టమే కీలకం. రెండు సంస్థల ఇంజిన్లు, గేరుపెట్టెలు, అడుగు చట్రాలు చాలావరకు ఉమ్మడి. హ్యుందాయ్‌ క్రెటాలోని పెట్రోలు, డీజిల్‌ ఇంజిన్లే కియా సెల్టోస్‌లోనూ ఉన్నాయి. లోపలి యంత్రం ఒకటే అయినప్పుడు తేడా చూపాల్సింది రూపులోనే. అందుకే 2006లో జర్మనీకి చెందిన పీటర్‌ ష్రేయర్‌ను ఆకృతి విభాగం అధిపతిగా తీసుకొచ్చారు. పులి ముక్కును పోలిన ముందుభాగం ఆయన చలవే. కియా అంటే ముందుగా అందం, హంగులు గుర్తుకు రావడం వెనుక కథ ఇదీ.

దేవూ నేర్పిన పాఠం

కొరియా కార్లు మనకు కొత్తేమీ కాదు. 1990వ దశకంలో దేవూ సంస్థ సీలో, మాటిజ్‌ కార్లను తెచ్చింది. హ్యుందాయ్‌ 1996లో భారత్‌లో అడుగుపెట్టి శ్రీపెరుంబుదూరు సమీపంలో కర్మాగారం నిర్మించి, 1998 సెప్టెంబరులో శాంత్రోను విడుదల చేసింది. ఎత్తయిన కప్పుతో పొట్టిగా ఉన్న ఆ కారును చూసి మొదట నవ్వినవారే తలపాగాతో కూర్చున్నా తల తగలడం లేదని మెచ్చుకున్నారు.

దేవూ కథ వేరు. 1999లో కొరియాలోని మాతృసంస్థ అప్పుల్లో కుప్పకూలింది. కొన్నేళ్లలోనే ఇక్కడి కర్మాగారమూ మూతపడింది. కార్లు కొన్నవారు విడిభాగాల కోసం నగరాల్లోని పాత సామాను దుకాణాల చుట్టూ తిరగాల్సి వచ్చింది. కారు బాగుంటే చాలదు.. దాన్ని చేసిన సంస్థ పదేళ్ల తర్వాతా మన దేశంలో నిలిచి ఉండాలన్నది నాటి కొనుగోలుదారులు సొమ్ము పోగొట్టుకుని నేర్చిన పాఠం.

ఎర్రమంచిలో కర్మాగారం

కియా విషయంలో ఆ దిగులు తక్కువ. 2017 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వంతో సంస్థ ఒప్పందం కుదుర్చుకుంది. 110 కోట్ల డాలర్ల పెట్టుబడితో, నాటి అనంతపురం జిల్లా పెనుకొండ మండలం ఎర్రమంచి వద్ద 536 ఎకరాల్లో కర్మాగారం వెలిసింది. ఏటా మూడు లక్షల కార్లు దీని సామర్థ్యం. 2019 జనవరి 29న నాటి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు సమక్షంలో ప్రయోగాత్మక ఉత్పత్తి మొదలైంది. ఆగస్టు 22న సెల్టోస్‌ విపణిలోకి వచ్చింది. డిసెంబరు 5న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్‌.జగన్‌మోహన్‌రెడ్డి కర్మాగారాన్ని లాంఛనంగా ప్రారంభించారు. 2020 ఫిబ్రవరిలో సంస్థ తమిళనాడుకు తరలిపోనుందన్న వార్త కలకలం రేపగా, అటు యాజమాన్యం, ఇటు ప్రభుత్వం దానిని ఖండించాయి. 2023 జులైలో ఇక్కడ పదిలక్షలవ కారు తయారైంది. 2022 జిల్లాల పునర్విభజనతో పెనుకొండ శ్రీసత్యసాయి జిల్లాలో చేరింది.

సెల్టోస్‌ తర్వాత 2020లో కార్నివాల్‌, సోనెట్‌, 2022లో కారెన్స్‌, 2025లో సైరోస్‌ వరుసగా వచ్చాయి.

పశ్చిమ ప్రకాశం వాసులు గమనించదగ్గ అంశం మరొకటుంది. పెనుకొండ సైతం మనలాగే కరవు సీమ. శ్రీశైలం జలాశయంలోని కృష్ణా జలాలు హంద్రీ-నీవా కాల్వ ద్వారా గొల్లపల్లి జలాశయానికి చేరడం వల్లే అక్కడ కార్ల పరిశ్రమకు నీటి భరోసా దొరికింది. అదే శ్రీశైలం నీటిని నల్లమల సొరంగాల గుండా మన ప్రాంతానికి తేవాల్సిన వెలిగొండకు 1996లో శంకుస్థాపన జరిగింది. 2024 మార్చిలో జంట సొరంగాలను జాతికి అంకితం చేసేనాటికీ ముంపు గ్రామాల పునరావాసం మిగిలే ఉంది. పరిశ్రమ రావాలన్నా ముందు రావాల్సింది నీరేనని పెనుకొండ చెబుతోంది.

మెచ్చుకుంటున్నవి

వాడకందారుల మాటల్లో తరచూ వినిపించేవి హంగులే. ఎండాకాలం నలభై డిగ్రీలు దాటే మార్కాపురం, కంభం ప్రాంతాల్లో సీటు లోపలి నుంచి చల్లని గాలి వచ్చే ఏర్పాటుకు ఎక్కువమంది ముచ్చటపడుతున్నారు. పెద్ద తెర, వెనుక కెమెరా, ఏసీ పనితీరు సంతృప్తినిస్తున్నాయన్నది సాధారణ అభిప్రాయం. ఎక్కువ దూరం తిరిగేవారు డీజిల్‌ ఇంజిన్‌ను మెచ్చుతున్నారు. వినుకొండ మీదుగా గుంటూరు వెళ్లినా, నల్లమల దాటి నంద్యాల వెళ్లినా అలసట తెలియదంటున్నారు. తిరుమల, శ్రీశైలం యాత్రలకు ఇంటిల్లిపాదీ వెళ్లాలనుకునేవారు మూడు వరుసల కారెన్స్‌ వైపు మొగ్గుతున్నారు. క్రెటా ఇంజిన్‌ తెలిసిన మెకానిక్‌కు సెల్టోస్‌ ఇంజిన్‌ కొత్తకాకపోవడం మరో అనుకూలత.

పెదవి విరుస్తున్నవి

* ప్రకటనల్లో కనిపించే హంగులన్నీ ఖరీదైన రకాల్లోనే ఉంటాయి. తక్కువ ధర చూసి వెళ్లినవారు చివరకు రెండు, మూడు లక్షలు అదనంగా పెట్టాల్సి వస్తోంది.
* తొలినాటి సెల్టోస్‌ గతుకుల్లో గట్టిగా కుదుపుతుందన్న ఫిర్యాదు ఉంది. పలకల క్వారీల వైపు, తండాల వైపు వెళ్లే దారుల్లో ఇది తెలిసొస్తుంది.
* టర్బో పెట్రోలు బళ్లు జోరుగా తోలితే మైలేజీ బాగా తగ్గుతుంది.
* రెండు క్లచ్‌ల ఆటోమేటిక్‌ గేరుపెట్టె వాహనాల రద్దీలో, ఎత్తు దారిలో గంటల తరబడి అంగుళం అంగుళం కదిలితే వేడెక్కే అవకాశం ఉంది. శివరాత్రి వేళ దోర్నాల - శ్రీశైలం ఘాట్‌లో ఇరుక్కున్నవారికి ఇది గుర్తుండాలి.
* 2020 ఏప్రిల్‌ నుంచి అమల్లోకి వచ్చిన బీఎస్‌-6 డీజిల్‌ కార్లలో పొగలోని మసిని పట్టే జల్లెడ ఉంటుంది. ఊళ్లోనే అరకిలోమీటరు, కిలోమీటరు తిప్పితే అది పూడుకుపోతుంది. అప్పుడప్పుడు రహదారిపై ఇరవై నిమిషాలపాటు నిలకడైన వేగంతో నడిపితేనే మసి కాలి శుభ్రపడుతుంది. ఏ కంపెనీ డీజిల్‌ కారుకైనా ఇదే సూత్రం.

భద్రత మాటేమిటి?

2020 నవంబరులో గ్లోబల్‌ ఎన్‌క్యాప్‌ ఢీకొట్టి పరీక్షించినపుడు రెండు ఎయిర్‌బ్యాగుల సెల్టోస్‌కు పెద్దల రక్షణలో మూడు, పిల్లల రక్షణలో రెండు నక్షత్రాలే దక్కాయి. ఈ ఫలితం కొనుగోలుదారుల్లో చర్చ రేపింది. 2022లో కారెన్స్‌ అన్ని రకాల్లోనూ ఆరు ఎయిర్‌బ్యాగులతో వచ్చింది. 2025 ఏప్రిల్‌లో భారత్‌ ఎన్‌క్యాప్‌ పరీక్షలో సైరోస్‌కు అయిదు నక్షత్రాలు లభించాయి. కనుక ‘కియా భద్రం’, ‘కియా భద్రం కాదు’ అన్న మాటలు రెండూ సరికావు. ఏ కారు, ఏ ఏడాది, ఏ రకం అన్నది చూడాలి.

లోపాలు బయటపడి వెనక్కి పిలిచిన సందర్భాలూ ఉన్నాయి. ఎయిర్‌బ్యాగ్‌ నియంత్రణ సాఫ్ట్‌వేర్‌ తనిఖీకి 2022లో 44,174 కారెన్స్‌లను, ఆయిల్‌ పంపు నియంత్రికను మార్చేందుకు 2024 ఫిబ్రవరిలో 4,358 సెల్టోస్‌లను సంస్థ పిలిపించింది. ఈ మరమ్మతు ఉచితం. అయితే కబురు మొదటి యజమానికే వెళుతుంది. పాత కారు కొన్నవారు ఛాసిస్‌ నంబరు తీసుకెళ్లి సర్వీసు కేంద్రంలో తామే విచారించుకోవాలి.

విదేశాల్లోనూ కియాకు రెండు ముఖాలున్నాయి. అమెరికాలో జేడీ పవర్‌ సంస్థ 2022లో జరిపిన మన్నిక అధ్యయనంలో ఖరీదైన కార్లను సైతం వెనక్కినెట్టి కియా మొదటి స్థానంలో నిలిచింది. అదే దేశంలో దొంగతనాన్ని అడ్డుకునే ఇమ్మొబిలైజర్‌ పరికరం అమర్చని హ్యుందాయ్‌, కియా కార్లు పెద్దఎత్తున చోరీకి గురికాగా, 2023లో యజమానులతో సుమారు 20 కోట్ల డాలర్ల రాజీకి రెండు సంస్థలూ అంగీకరించాల్సి వచ్చింది.

దారిలో ఆగితే..?

మన ప్రాంతంలో అసలు ప్రశ్న ఇదే. కొన్నేళ్ల కిందట ఈ విలేకరి బంధువుల కారులో గిద్దలూరు నుంచి నంద్యాల వెళుతుండగా దిగువమెట్ట దాటాక అడవిలో బండి ఆగిపోయింది. అది ఏ కంపెనీదన్నది ఇక్కడ అప్రస్తుతం. ముందు తెరపై పసుపుపచ్చ దీపం వెలిగింది. ఇంజిన్‌ అడుగు కదలనంది. సెల్‌ఫోన్‌కు సిగ్నల్‌ లేదు. చీకటి పడ్డాక సరకు లారీ డ్రైవర్‌ ఒకరు దయతలచి తాడు కట్టి లాగారు. తీరా చూస్తే చెడింది అరచేతిలో ఇమిడే సెన్సార్‌. అది వచ్చేసరికి తొమ్మిది రోజులు పట్టింది.

జీపు, అంబాసిడర్‌ల కాలంలో మెకానిక్‌ చెవి ఒగ్గి చప్పుడు వినే జబ్బు చెప్పేవాడు. నేటి కారు జబ్బును కంప్యూటరే చెప్పాలి. ఆ పరికరం, దాన్ని చదవగల చెయ్యి ఊరూరా లేవు. పెద్ద మరమ్మతంటే ఒంగోలు, నంద్యాల, గుంటూరు వైపు చూడాల్సిందే. కారును అక్కడ వదిలి బస్సులో తిరిగొచ్చి, మళ్లీ బస్సెక్కి వెళ్లే ఖర్చు, పోయిన రోజుల కూలి ఏ ధరల పట్టికలోనూ ఉండవు.

కొనేముందు..

* సమీప సర్వీసు కేంద్రం ఎంత దూరమో, అక్కడ పెద్ద మరమ్మతులు చేస్తారో లేదో ముందే కనుక్కోవాలి.
* అదే రకం కారును మూడేళ్లుగా వాడుతున్న ఇద్దరు, ముగ్గురితో మాట్లాడాలి. కొత్తగా కొన్నవారి మాట సంబరమే చెబుతుంది.
* నెలకు తిరిగే దూరం లెక్కగట్టాలి. తక్కువ తిరిగేవారికి పెట్రోలు, తరచూ దూరప్రయాణాలు చేసేవారికి డీజిల్‌ నప్పుతాయి.
* వారంటీ పత్రంలో ఏది వర్తిస్తుందో, ఏది వర్తించదో చదివించుకోవాలి. దారిలో ఆగితే వచ్చి ఆదుకునే సేవ మన మండలానికి వర్తిస్తుందా అని రాతపూర్వకంగా అడగాలి.
* పై హంగులకు పెట్టే రెండు లక్షలకన్నా ఎయిర్‌బ్యాగులు, బ్రేకుల భద్రతకు ముందు చోటివ్వాలి.

సైకిల్‌తో మొదలై, రెండుసార్లు మునిగి తేలిన సంస్థ కియా. కరవు నేలపై కర్మాగారం నిలబెట్టి పది లక్షల కార్లు తయారుచేసిన ఘనత దానికి ఉంది. అయితే పెనుకొండ మన రాష్ట్రంలో ఉన్నంత మాత్రాన నల్లమలలో ఆగిన బండికి సాయం అందదు. నెలనెలా వాయిదా కట్టేది కొన్నవారే కనుక, రూపం చూసి ముచ్చటపడినంతసేపైనా దూరం లెక్క చూసుకోవడం మేలు.